కంప్యూటర్ నాచారంలో... ‘డాక్టర్’ ఘట్‌కేసర్‌లో!

చిన్న కంపెనీలో కంప్యూటర్ మొరాయిస్తే ఇంజినీరు బండేసుకుని పరుగెత్తుకొచ్చే రోజులు దాదాపు పోయాయి. ఎక్కడో కూర్చుని, ఇక్కడి తెరమీద రిపేరు చేసేస్తున్నారు. సౌకర్యం బాగానే ఉంది. మరి అదే తలుపులోంచి ఇంకెవరైనా లోపలికొస్తే?

సాయంత్రం ఆరున్నర. నాచారం పారిశ్రామికవాడలో ఓ చిన్న యూనిట్. నాగపూర్ వెళ్లాల్సిన సరుకంతా లారీకెక్కింది. టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించేశారు. డ్రైవరు టీ తాగొచ్చి సీట్లో కూర్చున్నాడు. ఇక బిల్లు చేతికి రావడమే తరువాయి. సరిగ్గా అప్పుడే లోపల అకౌంటెంటు ముందున్న కంప్యూటర్ మొండికేసింది. టాలీ తెరుచుకోదు. సర్వర్ దొరకడం లేదంటుంది. ఆపి మళ్లీ ఆన్ చేసినా అదే పాట.

బిల్లు లేకపోతే లారీ గేటు దాటదు. యాభై వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి. దానికి ముందు అసలు బిల్లు నంబరంటూ ఒకటుండాలి కదా! లారీ రాత్రికి అక్కడే ఆగితే డ్రైవరుకు వెయిటింగ్ చార్జి, కొనుగోలుదారుకు సంజాయిషీ, యజమానికి తలనొప్పి. అకౌంటెంటు ఫోన్ తీసింది.

‘‘అన్నా, టాలీ ఓపెన్ అయితలేదు. లారీ గేటు కాడ నిలబడ్డది.’’

‘‘కరెంటు గిట్ల పోయిందా అక్కా?’’

‘‘మధ్యాహ్నం పోయి వచ్చింది.’’

‘‘సరే, తెర మీద ఆ ఎర్ర బొమ్మ నొక్కు. ఒక నంబరొస్తది, అది చెప్పు.’’

నంబరు చెప్పింది. తెరమీద ‘అనుమతిస్తారా?’ అని చిన్న పెట్టె వచ్చింది. అవునని నొక్కింది. అంతే... మౌస్ మీద చెయ్యి లేకుండానే బాణం గుర్తు దానంతటదే కదలడం మొదలెట్టింది! మొదటిసారి చూసినవాళ్లకి కంప్యూటర్‌కి దెయ్యం పట్టిందేమో అనిపిస్తుంది. ఆ బాణాన్ని కదుపుతున్న మనిషి ఘట్‌కేసర్‌లో తన ఇంటి వరండాలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాడు. పావుగంట కూడా పట్టలేదు. టాలీ తెరుచుకుంది, బిల్లు బయటికొచ్చింది, లారీ కదిలింది.

పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఆ యూనిట్ పేరూ, ఆ ఇద్దరి పేర్లూ ఇక్కడ ఉండవు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పక్కన ఏ చిన్న కంపెనీకి వెళ్లినా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. పేర్లతో పనేముంది!

ఏడెనిమిది కంప్యూటర్ల ప్రపంచం

ఉప్పల్ అనగానే చాలామందికి క్రికెట్ స్టేడియం గుర్తొస్తుంది. నాచారమంటే రామకృష్ణా స్టూడియోస్. చదువుకునేవాళ్లకైతే హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. వీటి వెనక వీధుల్లో మాత్రం మరో లోకం ఉంది. ప్యాకింగు, ప్లాస్టిక్, ఇంజినీరింగు, మందులు, తినుబండారాలు... ఎన్ని రకాల పరిశ్రమలో! ఉప్పల్‌లోనే ఉన్న పెద్ద పెద్ద ఐటీ క్యాంపస్‌లకు సొంత నిపుణుల సైన్యం ఉంటుంది. పాతికమంది పనిచేసే యూనిట్‌కి అలాంటి భాగ్యం ఎక్కడిది?

అక్కడ ఉండేది ఏడెనిమిది కంప్యూటర్లు. అకౌంట్సులో రెండు, స్టోర్స్‌లో ఒకటి, డిస్పాచ్‌లో ఒకటి, యజమాని గదిలో ఒకటి, డ్రాయింగులు గీసే కుర్రాడికొకటి. వీటన్నిటికీ పెద్దదిక్కుగా మూలనో, మెట్ల కిందో దుమ్ము పట్టి ఓ డబ్బా ఉంటుంది. అదే సర్వర్. పేరు గొప్పగా ఉంటుంది కానీ చాలాచోట్ల అది కూడా మామూలు కంప్యూటరే. బిల్లులు, స్టాకు, జీతాలు, పీఎఫ్ లెక్కలు, పాతికేళ్ల కస్టమర్ల బాకీలు... కంపెనీ ప్రాణమంతా ఆ డబ్బాలోనే.

దాన్ని చూసుకోవడానికి నెల జీతంతో మనిషిని పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ‘ఏఎంసీ’. ఏడాదికింతని మాట్లాడుకుంటే ఒకాయన వచ్చి చూసిపోతుంటాడు. అలా ఒక్కడే ఇరవై, ముప్ఫై కంపెనీల్ని చూసుకుంటాడు. పాత రోజుల్లో ఈయన సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరో, సీటీసీ కాంప్లెక్సులోనో ఉండేవాడు. ఫోన్ చేస్తే ‘బయల్దేరా సార్’ అనేవాడు. తార్నాక సిగ్నలు, హబ్సిగూడ సిగ్నలు దాటి వచ్చేసరికి పొద్దు గూకేది. 2018లో పని మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ ఏళ్ల తరబడి సాగి వరంగల్ రోడ్డు మీద జనాన్ని ఎన్ని తిప్పలు పెట్టిందో ఆ దారిన వెళ్లినవాళ్లందరికీ తెలుసు. అంత కష్టపడి వచ్చిన ఇంజినీరు చేసే పని ఒక్కోసారి రెండు నిమిషాలదే. ఊడిన వైరు బిగించడం, లేదంటే ఓ బటన్ నొక్కడం!

అసలిక్కడ ఓ చరిత్ర ఉంది. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా ముందుకెళ్తే వచ్చే ఈసీఐఎల్ 1967లో మొదలైంది. 1970ల్లోనే టీడీసీ వరుస పేరుతో దేశీయ కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ అది. ఆ కాలంలో కంప్యూటర్ల బాగోగులు చూడ్డానికే కేంద్ర ప్రభుత్వం 1975లో ఓ కంపెనీ పెట్టింది. దాని పేరే కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. సీఎంసీగా తర్వాత అందరికీ తెలిసింది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోతే, అది వదిలి వెళ్లిన యంత్రాలను చూసుకునే బాధ్యత సీఎంసీ తలకెత్తుకుంది. మెషీను ఎక్కడుంటే ఇంజినీరు అక్కడికెళ్లడమే అప్పటి పద్ధతి. ఇప్పుడు మెషీను అక్కడే, ఇంజినీరు ఎక్కడైనా.

గోడకు కన్నం లేకుండా లోపలికెలా?

లారీని ఆపిన జబ్బేమిటో చెప్పుకుందాం. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌కీ ఇంటి నంబరు లాంటి చిరునామా ఉంటుంది. ఐపీ అడ్రస్ అంటారు. దాన్ని రూటర్ పంచుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ మళ్లీ మొదట్నుంచీ నంబర్లు పంచింది. నిన్నటిదాకా 192.168.1.5గా ఉన్న సర్వర్ ఈ మధ్యాహ్నం 192.168.1.9 అయింది. మిగతా కంప్యూటర్లు పాత నంబరు తలుపే తడుతున్నాయి. తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డ పోస్ట్‌మాన్‌లా! ఘట్‌కేసర్ ‘డాక్టర్’ చేసిందల్లా రూటర్‌లోకి వెళ్లి ‘ఈ డబ్బాకి ఎప్పుడూ 5వ నంబరే ఇవ్వు’ అని రాసిపెట్టడం. సర్వర్‌కి పాత నంబరు తిరిగొచ్చింది.

ఇది చేయాలంటే బయటి మనిషి ఆఫీసు నెట్‌వర్కు లోపలికి రావాలి. ఎలా వస్తాడు? ఇక్కడే ఓ తమాషా ఉంది. సాధారణంగా రూటర్ గేటు దగ్గర వాచ్‌మన్‌లాంటిది. లోపలివాళ్లు బయటికెళ్లొచ్చు కానీ బయటివాళ్లను పిలవకుండా లోపలికి రానివ్వదు. అందుకని ఈ రిమోట్ సాఫ్ట్‌వేర్లు దొడ్డిదారి పట్టవు. మధ్యేమార్గం పడతాయి. ఆఫీసు కంప్యూటర్ తనంతట తానే బయటికెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి చెందిన ఓ మధ్యవర్తి సర్వర్‌ని పలకరిస్తుంది. ఇంజినీరు ల్యాప్‌టాప్ కూడా అక్కడికే వెళ్తుంది. పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు రెండు తీగలు కలిపినట్టు, అక్కడ ఇద్దరినీ కలిపేస్తారు. అకౌంటెంటు చదివి చెప్పిన నంబరు ఆ ఎక్స్ఛేంజీలో ఈ కంప్యూటర్ ఫోన్ నంబరన్నమాట.

కలిశాక అటునుంచి ఇటు మౌస్ కదలికలు, కీబోర్డు నొక్కుళ్లు వస్తాయి. ఇటునుంచి అటు తెర బొమ్మ వెళ్తుంది. బొమ్మంతా కాదు, మారిన ముక్కలు మాత్రమే. అందుకే ఓ మోస్తరు నెట్ ఉన్నా పని నడిచిపోతుంది. 2005లో జర్మనీలో పుట్టిన టీమ్‌వ్యూయర్, అదే దేశంలో 2014లో మొదలైన ఎనీడెస్క్ ఈ పద్ధతిని ఊరూరికీ చేర్చాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక సంగతి చెప్పనే అక్కర్లేదు. మందుల యూనిట్లు నడుస్తున్నాయి, ఇంజినీరు ఇల్లు కదల్లేడు. అంతవరకూ ‘మనిషి రావాల్సిందే’ అని పట్టుబట్టిన యజమానులే ‘ఆ నంబరు చెప్పి కానియ్యవయ్యా’ అన్నారు.

కనిపించని పని

రిమోట్ అంటే పిలిచినప్పుడు వచ్చి బాగుచెయ్యడమే అనుకుంటే పొరపాటు. బాగా చేసేవాళ్లకి అసలు పని ఎవరూ పిలవనప్పుడే ఉంటుంది. ప్రతి కంప్యూటర్‌లో ఓ చిన్న ప్రోగ్రాం పెడతారు. ఏజెంటు అంటారు. అది ఊళ్లో కరణంలాగా అన్నీ రాసుకుంటూ ఉంటుంది. డిస్కులో ఎంత ఖాళీ ఉంది, యాంటీవైరస్ తాజాగా ఉందా, విండోస్ అప్‌డేట్లు పడ్డాయా, రాత్రి బ్యాకప్ జరిగిందా, అన్నీ ఎప్పటికప్పుడు ఇంజినీరుకు చేరవేస్తుంది. హార్డ్‌డిస్కులు సైతం చాలాసార్లు చెప్పే చస్తాయి. పాడైన చోట్ల లెక్క పెరుగుతోందని డిస్కే లోపల రాసుకుంటుంది. ఆ అంకె కదలడం చూసి ముందే డిస్కు మార్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. యజమానికి కూడా! ‘నువ్వసలు ఈ మూణ్నెల్లూ ఏం చేశావని డబ్బులివ్వాలి?’ అని అడిగేది ఇలాంటి మంచి పనివాళ్లనే. నా మట్టుకు నాకు, ఏ ఫిర్యాదూ లేని మూణ్నెల్ల తర్వాత ఏఎంసీ బిల్లు గొణక్కుండా కట్టే యజమాని తెలివైనవాడు.

నిద్రపోతున్న కంప్యూటర్‌ని దూరం నుంచి లేపే విద్య కూడా ఉంది. వేక్-ఆన్-ల్యాన్ అంటారు. కంప్యూటర్ ఆపేసి ఉన్నా, కరెంటు తీగ ఉంటే చాలు, నెట్‌వర్కు కార్డు ఓ చెవి తెరిచి ఉంచుతుంది. తన సొంత నంబరుని వరసగా 16 సార్లు పిలిచే ప్రత్యేక సందేశం వస్తే గబుక్కున లేస్తుంది. మన ఇళ్లలో పిల్లల్ని బడికి లేపడం కంటే తేలిక! ఆఫీసులో ఎవరూ లేని రాత్రిపూట అప్‌డేట్లు వేయడానికి దీన్ని వాడతారు.

ఆ అప్‌డేట్ల గొడవ ఇప్పుడు మరీ ముఖ్యం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ప్రత్యేకంగా పొడిగింపు తీసుకుంటే తప్ప కొత్త రక్షణ అతుకులు రావు. పాత డబ్బాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ‘పనిచేస్తోంది కదా సార్’ అనే మాట ఎంత దూరం తీసుకెళ్తుందో 2017 మేలో అందరం చూశాం. వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా తిరిగింది. దాని తాకిడికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు స్తంభించాయి. నిజానికి దాన్ని అడ్డుకునే అతుకును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

రిమోట్‌తో కాని పనులూ ఉన్నాయి. ఎలుక కొరికిన కేబుల్‌ని ఘట్‌కేసర్ నుంచి అతికించలేరు. దుమ్ముతో ఆగిన ఫ్యాన్‌ని ఊదలేరు. 2020 అక్టోబర్‌లో కుండపోత కురిసినప్పుడు ఉప్పల్, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మెట్ల కింద పెట్టిన సర్వర్‌లోకి అలాంటి నీళ్లొస్తే ఏ రిమోటూ కాపాడదు. బ్యాకప్ వేరేచోట ఉంటేనే ఆ కంపెనీ మళ్లీ లేస్తుంది. అదే గదిలో, అదే సర్వర్‌కి తగిలించిన డ్రైవులో ఉంటే రెండూ కలిసే మునుగుతాయి.

తలుపు ఒకటే... వచ్చేవాళ్లే వేరు

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు అదే ఊళ్లో జరిగిన ఇంకో కథ.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దుండగులు 12 కోట్ల రూపాయలకు పైగా కాజేశారు. తుపాకులు లేవు, ముసుగులు లేవు. బ్యాంకు గడప తొక్కినవాడే లేడు. పోలీసుల దర్యాప్తులో తేలిందేమిటంటే... అంతకు కొన్నాళ్ల ముందు 200 మందికి పైగా బ్యాంకు ఉద్యోగులకు మెయిళ్లు వచ్చాయి. చూడ్డానికి మామూలు మెయిళ్లే. అంతమందిలో ఇద్దరు వాటిని తెరిచారు. ఆ క్లిక్కుతో వాళ్ల కంప్యూటర్లలోకి ఓ ప్రోగ్రాం చేరింది. సాంకేతికంగా దాని పేరు రిమోట్ యాక్సెస్ ట్రోజన్.

ఆ పేరులో మొదటి రెండు మాటలూ గమనించారా? మన ఘట్‌కేసర్ డాక్టర్ వాడేదీ రిమోట్ యాక్సెసే. తెర కనిపిస్తుంది, కీబోర్డు చేతికొస్తుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి. తేడా అల్లా ‘అనుమతిస్తారా?’ అని అడగకపోవడం. బాణం గుర్తు కూడా కదలదు. ఉద్యోగి తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు, వెనక ఇంకొకడు అన్నీ చూస్తుంటాడు. ఏ మీట నొక్కారో రాసుకుంటాడు. పాస్‌వర్డు కూడా అలాగే తెలుసుకుంటాడు.

ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్లలోంచి బ్యాంకు అసలు సర్వర్‌దాకా ఎలా వెళ్లగలిగారు? మార్చిలో వివరాలు వెల్లడించిన అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ బ్యాంకు భద్రతలోని లోపాలను ఎత్తిచూపారు. నెట్‌వర్కుని గదులు గదులుగా విడగొట్టకపోవడం అందులో ఒకటి. ఒక కంప్యూటర్ చేతికి చిక్కితే మిగతావాటికి దారి దొరికినట్టే. సర్వర్‌లోకి చేరినవాళ్లు అదే బ్యాంకులో ముందే సిద్ధం చేసుకున్న ఖాతాల్లోకి డబ్బు మళ్లించారు. అక్కడి నుంచి ఇతర బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాల్లోకి, ఆపైన దేశంలో పలుచోట్ల ఏటీఎంల నుంచి నోట్ల రూపంలో బయటికి. సైబర్ భద్రత నిబంధనలు పాటించలేదంటూ 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షల రూపాయల జరిమానా కూడా వేసింది.

బ్యాంకుకే ఇలా అయితే ఏడు కంప్యూటర్ల యూనిట్ సంగతేమిటి? అక్కడ గదులు గదులుగా విడగొట్టడం మాట దేవుడెరుగు, ఆఫీసుకొచ్చిన చుట్టానికి వైఫై పాస్‌వర్డు చెప్తే ఆయన ఫోను, సర్వరూ ఒకే గదిలో కూర్చుంటాయి! గోడకి తగిలించిన సీసీ కెమెరాల పెట్టె కూడా అందులోనే. దీనికి పెద్ద ఖర్చేం లేదు. చాలా రూటర్లలో అతిథులకు వేరే వైఫై పెట్టే వీలుంటుంది. అరగంట పని.

దొంగలు డబ్బే ఎత్తుకెళ్లాలని లేదు. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, చెవి కావాలంటే సొమ్ము కట్టమనడం ఇంకో దారి. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ఇలాంటి దాడే జరిగింది. 2020 అక్టోబర్‌లో మన డాక్టర్ రెడ్డీస్ సంస్థ సైబర్ దాడి కారణంగా తన డేటా సెంటర్ల సేవలన్నిటినీ కొంతకాలం విడదీసి ఉంచాల్సి వచ్చింది. పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది.

తాళంచెవుల గుత్తి

ఇంకో సంగతి యజమానులు పెద్దగా ఆలోచించరు. ఇరవై ముప్ఫై కంపెనీల్ని ఒకే మనిషి చూసుకుంటున్నాడంటే ఆ ఇరవై ముప్ఫై తలుపుల తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉన్నట్టే. ఆ గుత్తి పోతే?

2021 జులై 2న అదే జరిగింది. అమెరికాకి చెందిన కసేయా అనే కంపెనీ, కంప్యూటర్ల నిర్వహణ చూసేవాళ్లకి రిమోట్ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అందులోని లోపం దొంగలకి దొరికింది. కసేయా నుంచి నేరుగా కొన్నవాళ్లలో దెబ్బతిన్నది 60 మంది లోపే. కానీ వాళ్లు చూసుకునే చిన్న కంపెనీలు, దుకాణాలు కలిపి 1500 దాకా దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో కూప్ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ తన 800 దుకాణాల్లో చాలావాటిని మూసేయాల్సి వచ్చింది. ఆ సంస్థ కసేయా పేరైనా వినకుండా ఉండొచ్చు. బిల్లు వేసే యంత్రాల్ని చూసుకునేవాళ్లు దాన్ని వాడారు, అంతే.

గుత్తి పోవడానికి అంత పెద్ద కథ కూడా అక్కర్లేదు. ‘మాటిమాటికీ నంబరు చెప్పడం విసుగు’ అని ఎప్పుడూ మారని ఓ పాస్‌వర్డు పెట్టేస్తారు. అదే పాస్‌వర్డు అన్ని కంపెనీలకూ. ఇంకొందరు మరీ తెలివిగా విండోస్‌లోనే ఉండే రిమోట్ డెస్క్‌టాప్‌కి రూటర్‌లో సరాసరి దారి తెరుస్తారు. 3389 అనే ద్వారం అది. వాచ్‌మన్‌ని పక్కకి జరిపి గేటు బార్లా తెరవడమన్నమాట. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో యంత్రాలు రాత్రింబగళ్లు ఈ ద్వారాన్ని వెతుక్కుంటూ, పాస్‌వర్డులు ఒక్కొక్కటే వేసి చూస్తుంటాయి. 2019 మేలో ఇందులో ఎంత పెద్ద లోపం బయటపడిందంటే, అయిదేళ్ల కిందటే మూలన పడేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ పిలిచి మరీ అతుకు వేసింది.

మీకు చిన్న కంపెనీ ఉన్నా, ఇంట్లో ఎవరైనా అలాంటిచోట పనిచేస్తున్నా ఏఎంసీ ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడగండి. మా 3389 మూసే ఉందా? మా పాస్‌వర్డు మాకేనా, అందరికీ అదేనా? ఫోన్‌కొచ్చే రెండో సంకేతం కూడా అడిగేలా పెట్టావా? నీ దగ్గర మానేసిన కుర్రాడికి మా తలుపు ఇంకా తెరుచుకుంటుందా? చివరి ప్రశ్నకి చాలామంది తడబడతారు. బ్యాకప్ ఉందా అని మాత్రం అడక్కండి, ఎలాగూ ఉందనే అంటారు. ‘కిందటి నెల మూడో తేదీ ఫైలొకటి తీసి చూపించు’ అనండి. అప్పుడు తెలుస్తుంది.

జరగరానిది జరిగితే దాచుకోవద్దు. సైబర్ దాడుల్ని గుర్తించిన 6 గంటల్లో తెలపాలని 2022 ఏప్రిల్‌లో కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశాలిచ్చింది. కంపెనీలన్నిటికీ వర్తిస్తాయవి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మధ్య ఖాతాల్లో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంటిదాకా వచ్చింది

ఇదంతా ఫ్యాక్టరీల గొడవ, మనకేంటి అనుకునేరు. ఇవే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఫోన్లలోనూ ఉన్నాయి. ‘కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం, రీఫండ్ రావాలంటే ఈ యాప్ వేసుకోండి, అందులో వచ్చే నంబరు చెప్పండి’ అని తియ్యగా మాట్లాడతారు. ఆ నంబరేమిటో మీకిప్పుడు తెలుసు. అది చెప్పి అనుమతిస్తే మన ఫోన్ తెర వాళ్ల కళ్లముందుంటుంది. బ్యాంకు పంపిన ఓటీపీని మనతోపాటే వాళ్లూ చదువుతారు. ఎనీడెస్క్ పేరుతోనే జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. యాప్‌లో తప్పేమీ లేదు. కత్తితో కూరగాయలూ తరుగుతాం కదా.

మళ్లీ నాచారం వెళ్దాం. ఘట్‌కేసర్ ఆయన తన కస్టమర్లందరికీ ఓ షరతు పెట్టాడు. ‘నేనెప్పుడూ నంబరడుగుతూ ఫోన్ చేయను. మీకు కష్టమొచ్చినప్పుడు మీరే చెయ్యాలి’ అని. దానికితోడు ప్రతి నెలా ఒక మాట అనుకుంటారు. ఓ నెల ‘చింతచిగురు’, ఇంకో నెల ‘సర్వపిండి’. అటునుంచి మాట్లాడేవాడు ఆ మాట చెప్తేనే ఇటువాళ్లు నంబరు చదవాలి. మొదట్లో అకౌంటెంటుకి ఇదంతా చిన్నపిల్లల ఆటలా అనిపించి నవ్వుకునేదట.

లారీ ఆగిన రోజు గడిచి రెండు నెలలైంది. ఓ మధ్యాహ్నం ఆఫీసుకి ఫోనొచ్చింది. మర్యాదగా, చక్కటి తెలుగులో ఎవరో మాట్లాడారు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచట. లైసెన్సు ఇవాళ్టితో ముగుస్తోందట. ఈరోజు చేయకపోతే రేపు బిల్లింగు ఆగిపోతుందట. మీ ఏఎంసీ ఇంజినీరే మాకు ఈ నంబరిచ్చారు మేడమ్ అని ఆయన పేరు కూడా చెప్పాడట. బయట మళ్లీ ఓ లారీ ఉంది. ఆ తొందరలో ఆమె ఎర్ర బొమ్మ మీద నొక్కేసింది కూడా. తొమ్మిదంకెలూ తెరమీదికొచ్చాయి. చదవబోయి ఆగింది.

‘‘సార్... ఈ నెల మాట ఏందో చెప్పండి?’’

‘‘ఏం మాట మేడమ్?’’

‘‘మా ఇంజినీరన్న పంపిండంటే మీకు తెలిసుండాలె కదా.’’

అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత ఫోన్ కట్టయింది. ఆమె తెరమీద నంబరు మూసేసి, ఘట్‌కేసర్‌కి ఫోన్ కలిపింది. లారీ డ్రైవరు గుమ్మంలోకొచ్చి ‘‘అక్కా, బిల్లు?’’ అన్నాడు.

‘‘అయిదు నిమిషాలాగు తమ్ముడూ’’ అంది.